గృహ సముద్రజల అక్వేరియంలో నీటి ఉష్ణోగ్రత నిర్వహణ: తెలుగు రాష్ట్రాల వాతావరణానికి అనువైన పద్ధతులు

సారాంశం

సముద్రపు చేపలను ఇంటిలో పెంచే విధానంపై అందుబాటులో ఉన్న సమాచారంలో అధిక భాగం చలి దేశాల పరిస్థితులకు సంబంధించినది. అందులో నీటిని వేడి చేయడానికి ప్రాధాన్యం కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం నీటిని చల్లబరచడమే ప్రధాన సమస్య. చల్లబరిచే పద్ధతిని ఎంచుకోవడానికి గది ఉష్ణోగ్రత ఒక్కటే ఆధారం కాదు. గాలిలోని తేమ అంతకంటె ముఖ్యమైనది. పొడి వాతావరణం గల హైదరాబాదులో చిన్న ఫ్యానుతో సాధ్యమయ్యే పని తేమ అధికంగా ఉండే విశాఖపట్నంలో సాధ్యం కాకపోవచ్చు. 200 లీటర్ల తొట్టిని ఉదాహరణగా తీసుకొని, ఉష్ణ సమతుల్యత లెక్కల ఆధారంగా ఈ తేడాను, దానికి తగిన యాజమాన్య పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

మంచినీటి రంగు చేపలలో అధిక భాగం పెంపక కేంద్రాలలో పుట్టినవి. సముద్రపు రంగు చేపలలో అధిక భాగం మాత్రం నేటికీ పగడపు దిబ్బల నుండి పట్టి తెచ్చినవే. క్లౌన్ చేపలు, కొన్ని డామ్‌సెల్ చేపల ప్రజననంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ విజయం సాధించింది. అయినప్పటికీ అనేక ఇతర జాతులకు సముద్రమే ఆధారం. కాబట్టి యాజమాన్య లోపం వల్ల తొట్టిలో ఒక చేప మరణిస్తే, దాని స్థానంలో మరొక చేపను తరచుగా సముద్రం నుండే తేవలసి వస్తుంది.

కఠిన పగడాలు, సముద్రపు గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవులు. అందువల్ల ఈ వ్యాసం చేపలను మాత్రమే పెంచే తొట్టికి పరిమితమైనది.

వేసవిలో చేపలు మరణించినప్పుడు పెంపకందారులు సాధారణంగా వ్యాధిని అనుమానించి మందుల కోసం సలహా అడుగుతారు. అటువంటి సందర్భాలలో నీటి ఉష్ణోగ్రత ఎంత, అది రోజులో ఎంత మారుతున్నది అన్న ప్రశ్నలకు సమాధానం రాబట్టిన తరువాతనే మందుల విషయం ఆలోచించడం శ్రేయస్కరం. దీనికి గల కారణాలు ఈ దిగువ వివరించబడినవి.

ఉష్ణోగ్రత, ప్రాణవాయువు మధ్య సంబంధం

చేప శరీర ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతను అనుసరించి మారుతుంది. నీరు 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే చేప జీవక్రియల వేగం సుమారు రెట్టింపు అవుతుంది. ఈ లెక్కన 25 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు పెరిగిన నీటిలో చేపకు దాదాపు 40 శాతం అధికంగా ఆక్సిజన్ అవసరమవుతుంది.

అవసరం పెరిగిన ఆ సమయంలోనే సరఫరా తగ్గుతుంది. వెయ్యికి 35 భాగాల లవణీయత గల సముద్రపు నీటిలో కరగగల ఆక్సిజన్ పరిమాణం 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాములు, 25 డిగ్రీల వద్ద 6.7 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద 6.2 మిల్లీగ్రాములు. అదే 30 డిగ్రీల వద్ద మంచినీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాములు కరుగుతుంది. అంటే మంచినీటి తొట్టితో పోల్చినప్పుడు సముద్రజల తొట్టిలో ఆక్సిజన్ నిల్వ మొదటి నుండి తక్కువే.

ఇందుకు తోడు, తొట్టిలో వ్యర్థాలను శుద్ధి చేసే బాక్టీరియా సైతం ఆక్సిజన్‌ను వినియోగిస్తుంది. రాత్రివేళ నాచు కూడ శ్వాసించడం వల్ల తెల్లవారుజామున ఆక్సిజన్ కనిష్ఠ స్థాయికి చేరుతుంది. గోదావరి జిల్లాల చెరువులలో తెల్లవారుజామున ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో తెలిసిన విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ పరిణామం కొత్తది కాదు. చెరువులోని నీటి రాశి అపారమైనది కనుక ఉష్ణోగ్రత నెమ్మదిగా మారుతుంది. 200 లీటర్ల తొట్టికి అటువంటి రక్షణ లేదు.

ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన అయనీకరణం చెందని భాగం కూడ పెరుగుతుంది. సముద్రపు నీటి పి.హెచ్. 8 కంటె ఎక్కువగా ఉండటం వల్ల ఈ ప్రమాదం మంచినీటిలో కంటె అధికం.

పాటించవలసిన ఉష్ణోగ్రత

సముద్రజల అక్వేరియంలకు 24 నుండి 27 డిగ్రీల ఉష్ణోగ్రత సాధారణంగా సూచించబడుతున్నది. అయితే వేసవిలో 34 డిగ్రీలు ఉండే గదిలో నీటిని 24 డిగ్రీల వద్ద నిలపాలంటే యంత్రం నిరంతరం పనిచేయాలి. విద్యుత్ సరఫరా నిలిచిన వెంటనే నీరు వేగంగా వేడెక్కడం మొదలవుతుంది. గదికి, నీటికి మధ్య ఉష్ణోగ్రత భేదం ఎంత ఎక్కువగా ఉంటే ఈ వేగం అంత ఎక్కువ.

కనుక తెలుగు రాష్ట్రాలలో 26 నుండి 28 డిగ్రీల మధ్య ఒక స్థాయిని ఎంచుకొని, రోజులోని హెచ్చుతగ్గులను 1 డిగ్రీకి పరిమితం చేయడం ఆచరణకు అనుకూలం. మనకు సమీపంలోని ఉష్ణమండల సముద్రాలలో నివసించే క్లౌన్, డామ్‌సెల్ జాతులకు ఈ ఉష్ణోగ్రత సహజమైనదే. నీరు 30 డిగ్రీలు దాటితే హెచ్చరికగాను, 32 డిగ్రీలకు చేరితే ప్రమాదంగాను పరిగణించాలి.

నీటిలోకి వేడి చేరే మార్గాలు

200 లీటర్ల సముద్రపు నీటి బరువు సుమారు 205 కిలోలు. ఒక కిలో సముద్రపు నీటిని 1 డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4 కిలోజౌళ్ల శక్తి అవసరం. కాబట్టి తొట్టిలోని మొత్తం నీటి ఉష్ణోగ్రతను 1 డిగ్రీ మార్చడానికి సుమారు 820 కిలోజౌళ్లు కావాలి. ఈ వ్యాసంలోని తదుపరి లెక్కలన్నిటికీ ఈ సంఖ్యయే ఆధారం.

వేడి గది గాలి నుండి మాత్రమే వస్తుందని అనేకులు భావిస్తారు. వాస్తవానికి నీటిలో మునిగి పనిచేసే పంపు వినియోగించే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారి నీటిలోనే చేరుతుంది. మొత్తం 40 వాట్ల పంపులు 24 గంటలు పనిచేస్తే 3,456 కిలోజౌళ్లు విడుదలవుతాయి. ఈ వేడి బయటకు పోయే మార్గం లేకపోతే నీటి ఉష్ణోగ్రత రోజుకు 4 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. దీపాల వేడి దీనికి అదనం.

అందువల్ల చల్లబరిచే పరికరం కొనడానికి ముందు వేడిని తగ్గించే మార్గాలను పరిశీలించాలి. తక్కువ వాట్ల పంపును ఎంచుకోవడం, పాత దీపాల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు అమర్చడం, పగటి ఎండవేళకు బదులు సాయంత్రం నుండి రాత్రి వరకు దీపాలు వెలిగించడం, పడమటి ఎండ తగిలే గోడకు తొట్టిని దూరంగా ఉంచడం వీటిలో ముఖ్యమైనవి. గాజు మూత వేడిని, తేమను లోపలే నిలిపి ఉంచుతుంది. దానికి బదులు వల మూత అమర్చితే నీటి ఉపరితలానికి గాలి తగులుతుంది. చేపలు బయటకు దూకకుండా రక్షణ కూడ లభిస్తుంది.

బాష్పీభవనం ద్వారా చల్లబరచడం

మట్టి కుండలో నీరు చల్లబడటానికి, ఫ్యాను గాలికి తొట్టిలోని నీరు చల్లబడటానికి కారణం ఒక్కటే. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ల వేడి అవసరం. ఆ వేడిలో అధిక భాగం మిగిలిన నీటి నుండి వెలువడుతుంది. దీనిని 820తో భాగించినప్పుడు, ఒక లీటరు నీరు ఆవిరైతే 200 లీటర్ల తొట్టి నుండి సుమారు 3 డిగ్రీలకు సమానమైన వేడి తొలగిపోతుందని తేలుతుంది. పైన పేర్కొన్న 40 వాట్ల పంపులు ఒక రోజులో విడుదల చేసే వేడిని తొలగించడానికి ఒకటిన్నర లీటర్ల కంటె తక్కువ నీరు ఆవిరైతే చాలును. రోజుకు 3 లీటర్ల నీరు ఆవిరైతే సగటున 84 వాట్ల వేడి నిరంతరం తొలగినట్లే.

కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యానును నీటి ఉపరితలం మీదుగా ఏటవాలుగా గాలి వీచేటట్లు అమర్చడం సరిపోతుంది. తొట్టి కింద వడపోత గది ఉన్నట్లయితే అక్కడ కూడ అమర్చవచ్చును. ఖర్చు స్వల్పం, విద్యుత్ వినియోగం కొన్ని వాట్లు మాత్రమే.

అయితే ఈ పద్ధతికి ప్రకృతి ఒక హద్దు నిర్ణయించింది. బాష్పీభవనం ద్వారా నీటిని గాలి యొక్క తడి బల్బు ఉష్ణోగ్రత కంటె దిగువకు చల్లబరచడం సాధ్యం కాదు. వ్యవసాయ వాతావరణ కేంద్రాలలో పొడి బల్బు, తడి బల్బు ఉష్ణమాపకాలను చదివే విద్యార్థులకు ఈ భావన సుపరిచితమే. ఆ రెండింటి మధ్య భేదమే ఫ్యానుకు లభించే అవకాశం.

రెండు సందర్భాలను పోల్చి చూడవచ్చును. మే నెలలో హైదరాబాదులోని ఒక గదిలో ఉష్ణోగ్రత 36 డిగ్రీలు, గాలిలో సాపేక్ష తేమ 25 శాతం అనుకుంటే తడి బల్బు ఉష్ణోగ్రత 22 డిగ్రీలకు సమీపంలో ఉంటుంది. గది అంత వేడిగా ఉన్నా, 27 డిగ్రీల లక్ష్యం తడి బల్బు కంటె 5 డిగ్రీలు పైన ఉన్నది. ఫ్యానుతో దానిని అందుకోవచ్చును. అదే నెలలో విశాఖపట్నంలోని ఒక గదిలో 33 డిగ్రీలు, 75 శాతం తేమ అనుకుంటే తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు 29 డిగ్రీలు. గది 3 డిగ్రీలు చల్లగా ఉన్నప్పటికీ ఇక్కడ ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా నీరు 29 డిగ్రీల కంటె దిగువకు రాదు. పంపుల వేడి తోడవుతుంది కనుక ఆచరణలో 30 డిగ్రీలు దాటవచ్చును.

దీనిని బట్టి హైదరాబాదు పెంపకందారునికి ఇచ్చిన సలహానే కోస్తా పెంపకందారునికి ఇవ్వడం సరికాదని స్పష్టమవుతున్నది. గదిలో ఒక సాధారణ తేమమాపకాన్ని వారం రోజులు ఉంచి చూసిన తరువాతనే పరికరం ఎంపికపై నిర్ణయం తీసుకోవాలి. తెలంగాణ, రాయలసీమలలో సైతం వర్షాకాలం ప్రవేశించగానే తేమ పెరిగి ఫ్యాను సామర్థ్యం తగ్గుతుంది. అయితే అప్పటికి గది ఉష్ణోగ్రత కూడ తగ్గుతుంది కాబట్టి సాధారణంగా ఇబ్బంది తలెత్తదు.

తలుపులు మూసిన గదిలో ఎయిర్ కూలర్ వాడితే గాలిలో తేమ పేరుకొని తొట్టి నుండి బాష్పీభవనం మందగిస్తుంది. కూలర్ వాడే ఇళ్లలో కిటికీ తెరచి, తేమ గాలి బయటకు పోయే మార్గం కల్పించాలి.

లవణీయతపై ప్రభావం

నీరు మాత్రమే ఆవిరవుతుంది. ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. రోజుకు 3 లీటర్ల చొప్పున ఆవిరవుతున్న తొట్టిలో 5 రోజుల పాటు నీరు చేర్చకపోతే 200 లీటర్లు 185 లీటర్లకు తగ్గి, లవణీయత వెయ్యికి 35 భాగాల నుండి దాదాపు 38 భాగాలకు పెరుగుతుంది. ఉష్ణోగ్రత సమస్యను పరిష్కరించబోయి లవణీయత సమస్యను కొనితెచ్చుకొన్నట్లవుతుంది.

ఈ లోటును ఉప్పునీటితో కాక, ఆర్.ఓ. ద్వారా శుద్ధి చేసిన మంచినీటితో ప్రతిదినం పూరించాలి. తొట్టి గాజుపై నీటిమట్టం వద్ద ఒక గీత గీసి, ఆ గీత వరకు నీరు నింపడం సులభమైన పద్ధతి. మిద్దె మీది ట్యాంకులోని నీరు వేసవి మధ్యాహ్నం ఎంతో వేడిగా ఉంటుంది. కనుక చేర్చవలసిన నీటిని, మార్పిడికి కలిపిన ఉప్పునీటిని ముందురోజు రాత్రియే తొట్టి ఉన్న గదిలో నిల్వ ఉంచి, రెండింటి ఉష్ణోగ్రతలు సరిచూసిన తరువాత వాడాలి. సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ రీడింగు కూడ ఉష్ణోగ్రతను బట్టి మారుతుందని గుర్తుంచుకోవాలి.

చిల్లర్ ఎంపిక

తేమ అధికంగా ఉండే కోస్తా పట్టణాలలో గదికి ఏసీ అమర్చడమో, తొట్టికి కంప్రెసర్ చిల్లర్ అమర్చడమో తప్పనిసరి కావచ్చును. పడకగదిలో రాత్రి మాత్రమే ఏసీ వేసే అలవాటు ఉన్న ఇళ్లలో నీరు రాత్రి చల్లబడి పగలు వేడెక్కుతుంది. ఇటువంటి నిత్య హెచ్చుతగ్గులు చేపలను ఒత్తిడికి గురిచేస్తాయి. అటువంటి గది తొట్టికి అనువైనది కాదు.

చిల్లర్ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. వేసవి మధ్యాహ్నం నీరు 27 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు పంపులు, దీపాలు పనిచేస్తూ ఉండగా చల్లబరిచే సాధనాలన్నిటినీ ఆపి, ఒక గంటలో నీరు ఎంత వేడెక్కినదో గమనించాలి. 200 లీటర్ల తొట్టిలో గంటకు 0.1 డిగ్రీ పెరుగుదల సుమారు 23 వాట్ల ఉష్ణభారానికి సమానం. గంటకు 0.4 డిగ్రీ పెరిగితే భారం సుమారు 92 వాట్లు. దీనికి కనీసం రెట్టింపు శీతలీకరణ సామర్థ్యం గల చిల్లర్‌ను ఎంచుకుంటే అది విరామాలతో పనిచేస్తుంది. ఇక్కడ చూడవలసినది శీతలీకరణ సామర్థ్యాన్ని గాని యంత్రం వినియోగించే విద్యుత్తును కాదు.

చిల్లర్ నీటి నుండి తీసిన వేడిని, తాను వాడిన విద్యుత్తు వేడిని కలిపి గదిలోకి వదులుతుంది. మూసి ఉన్న అలమరలో దానిని అమర్చితే ఆ వేడి గాలినే తిరిగి పీల్చుకొని సామర్థ్యం కోల్పోతుంది. గాలి ఆడే చోట, గోడకు దూరంగా ఉంచడం అవసరం.

విద్యుత్ సరఫరా నిలిచినప్పుడు

వేసవిలో కరెంటు పోయినప్పుడు చేపలకు మొదట ఎదురయ్యే ముప్పు వేడి కాదు, ఆక్సిజన్ కొరత. నీటి కదలిక ఆగిపోవడంతో ఉపరితలం వద్ద వాయు మార్పిడి తగ్గుతుంది. కాబట్టి బ్యాటరీతో పనిచేసే ఎయిర్ పంపు ప్రతి సముద్రజల తొట్టికి ఉండవలసిన కనీస సాధనం. ఇన్వర్టర్ ఉన్న ఇంటిలో మొదట ఎయిర్ పంపును గాని నీటిని తిప్పే పంపును గాని, తరువాత ఫ్యానును దానికి కలపాలి. సరఫరా పునరుద్ధరించబడే వరకు మేత వేయరాదు.

నీరు 30 డిగ్రీలు దాటితే గడ్డకట్టించిన నీటి సీసాలను తొట్టిలో తేలనివ్వవచ్చును. ఒక లీటరు మంచు కరిగి 28 డిగ్రీలకు చేరే లోపు సుమారు 450 కిలోజౌళ్ల వేడిని గ్రహిస్తుంది. అంటే 200 లీటర్ల తొట్టిలో ఒక సీసా అర డిగ్రీకి కొంచెం పైగా మాత్రమే తగ్గిస్తుంది. మంచు ముక్కలను నేరుగా వేస్తే లవణీయత తగ్గుతుంది. కుళాయి నీటితో చేసిన మంచు అయితే క్లోరిన్ కూడ చేరుతుంది. ఉష్ణోగ్రతను గంటకు 1 డిగ్రీ కంటె వేగంగా తగ్గించరాదు.

శీతకాల యాజమాన్యం

కోస్తా పట్టణాలలో హీటర్ అవసరం అరుదు. ఆదిలాబాద్ జిల్లా, విశాఖ మన్యం వంటి ప్రాంతాలలో శీతకాలపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోయే సందర్భాలు ఉన్నాయి. హైదరాబాదులో సైతం డిసెంబరు, జనవరి నెలలలో హీటర్ అవసరం కావచ్చును.

హీటర్‌లోని థర్మోస్టాట్ పాడై ఆగకుండా పనిచేయడం తెలిసిన లోపమే. 300 వాట్ల హీటర్ ఆ విధంగా పనిచేస్తే 200 లీటర్ల నీరు తొలి గంటలలో గంటకు 1.3 డిగ్రీల వరకు వేడెక్కగలదు. ఒక రాత్రిలో తొట్టిలోని జీవులన్నీ నశించవచ్చును. దానికి బదులు 75 వాట్ల హీటర్లు రెండు అమర్చితే, ఒకటి ఆగకుండా పనిచేసినా పెరుగుదల గంటకు మూడవ వంతు డిగ్రీకి మించదు. ఒకటి పనిచేయకపోయినా రెండవది కొంత ఆదుకొంటుంది. నీరు మార్చే సమయంలో హీటర్‌ను ఆపి, అది చల్లారిన తరువాతనే నీటిమట్టం తగ్గించాలి. నీటి పైకి తేలిన వేడి గాజు పగిలే ప్రమాదం ఉన్నది.

కొలత, నమోదు

ఉష్ణమాపకం సరిగా ఉన్నదీ లేనిదీ పరీక్షించడానికి, నలగగొట్టిన మంచును కొద్దిపాటి నీటితో కలిపి అందులో ముంచితే 0 డిగ్రీలు చూపాలి. తేడా ఉన్నట్లయితే ఆ మేరకు సవరించుకోవాలి. జ్వరం చూసే ఉష్ణమాపకం ఇందుకు పనికిరాదు. నీటి కదలిక ఉన్నచోట, దీపానికి, హీటర్‌కు దూరంగా కొలవాలి.

తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో మరొకసారి నీటి ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత, తేమ, ఆనాడు చేర్చిన నీటి పరిమాణం ఒక పుస్తకంలో నమోదు చేయాలి. చేర్చిన నీటి పరిమాణమే బాష్పీభవనానికి కొలమానం. అది ఒక్కసారిగా తగ్గితే ఫ్యాను ఆగినదనో, గాలిలో తేమ పెరిగినదనో గ్రహించవచ్చును.

విస్తరణ సలహాలో పాటించవలసిన క్రమం

చేపలు ఉపరితలానికి చేరి వేగంగా శ్వాసిస్తున్నాయని సమాచారం అందినప్పుడు ముందుగా ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రతలు తెలుసుకోవాలి. తరువాత నీటి కదలికను, లవణీయతను, అమ్మోనియాను పరిశీలించాలి. ఇవన్నీ సక్రమంగా ఉన్నప్పుడు మాత్రమే వ్యాధి నిర్ధారణకు పూనుకోవాలి. ఫార్మలిన్ వంటి మందులు నీటిలోని ఆక్సిజన్‌ను మరింత తగ్గిస్తాయి. వేడి వల్ల ఊపిరాడని చేపకు అటువంటి మందు వేయడం హాని కలిగిస్తుంది. తెల్లమచ్చ వ్యాధి వంటివి సోకినప్పుడు సైతం ఉష్ణోగ్రతల హెచ్చుతగ్గులను అరికట్టకుండా చేసే చికిత్స తాత్కాలికమే అవుతుంది.

కొత్త చేపను తెచ్చినప్పుడు సంచిని 15 నుండి 20 నిమిషాలు తొట్టి నీటిపై తేలనిచ్చి, రెండింటి ఉష్ణోగ్రతలు సమానమైన తరువాతనే నీటిని కొద్దికొద్దిగా కలపాలి. వేసవిలో చేపల రవాణాను ఉదయం లేదా రాత్రి వేళలకు పరిమితం చేయమని సూచించాలి.

ముగింపు

ఇంటిలోని సముద్రజల తొట్టిలో ఉష్ణోగ్రత నిర్వహణ ఖరీదైన యంత్రాలతో మొదలు కాదు. మొదట పంపుల, దీపాల వేడిని తగ్గించాలి. తరువాత గది తేమను కొలవాలి. తడి బల్బు ఉష్ణోగ్రత అనుమతిస్తే ఫ్యానుతో, అనుమతించకపోతే చిల్లర్‌తో నీటిని చల్లబరచాలి. ఆవిరైన నీటిని ప్రతిదినం మంచినీటితో పూరించాలి. తేమ అధికంగా ఉండి, చిల్లర్ భారం భరించలేని ఇంటిలో సముద్రజల తొట్టిని ప్రారంభించవద్దని చెప్పడం కూడ విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వదగిన సలహాయే. అటువంటి కుటుంబానికి మంచినీటి రంగు చేపల పెంపకాన్ని సూచించవచ్చును.